వడగళ్ళ వాన వెలిశాక: ఇంటి కప్పు, కప్పు వేసేవాళ్ళు

(డాలస్ ప్రాంతపు తెలుగు రేడియో కార్యక్రమంలో చేసిన ప్రసంగానికి అక్షరరూపం)

ఈ వారం సినిమా కాదు, సాహిత్యం కాదు, ఇంటి కప్పు గురించి మాట్లాడమన్నారు నిర్వాహకులు. కప్పు గురించి అంతసేపు ఏం మాట్లాడతారండీ అని మా ఆవిడ నవ్వింది. కానీ ప్లేనో, ఫ్రిస్కో, అలెన్, వైలీ వైపు ఇళ్ళున్న మనవాళ్ళకి మార్చి వచ్చిందంటే ఇది నవ్వులాట కాదు. 1995 మే 5న ఫోర్ట్‌వర్త్ మీద, 2012 జూన్‌లో డాలస్ మీద, 2016 ఏప్రిల్‌లో వైలీ మీద పడ్డ వడగళ్ళు చూసినవాళ్ళు ఈ కార్యక్రమం వింటున్నవాళ్ళలో చాలామందే ఉంటారు.

నేను వృత్తిరీత్యా స్ట్రక్చరల్ ఇంజనీరుని. నాకు రూఫింగ్ వ్యాపారం లేదు, ఇన్సూరెన్స్ ఏజెన్సీ లేదు. అంచేత ఎవరి సరుకూ అమ్మిపెట్టాల్సిన పని లేదు.

మనకి కప్పు అంటే శ్లాబు. ఊళ్ళో శ్లాబు వేసిన రోజు పండగ. మేస్త్రీకి బట్టలు పెట్టి, కూలీలకి భోజనాలు పెట్టి, ఆ తర్వాత దాని సంగతి మర్చిపోతాం. పెంకుటింట్లో పెరిగినవాళ్ళకి మాత్రం ఏటా వానాకాలం ముందు పెంకు నేయించడం గుర్తుండే ఉంటుంది. అమెరికా ఇల్లు ఆ పెంకుటింటికి దగ్గర, శ్లాబుకి కాదు. ఇక్కడ కప్పు కారు టైరులాంటిది. అరిగిపోతుంది, మార్చాలి. టెక్సాస్ ఎండకీ వడగళ్ళకీ ఇంకా తొందరగా మార్చాలి. ఇల్లు కొనేటప్పుడు వంటింట్లో గ్రానైట్ రంగు చూసేవాళ్ళు కప్పు వయసెంత అని అడగరు. ముందు అడగాల్సింది అదే.

ఇప్పుడు వడగళ్ళ వాన వెలిసిన మర్నాటి సంగతి. పొద్దున్నే తలుపు తడతారు. చేతిలో టాబ్లెట్, పక్కన నిచ్చెన. "మీ పక్కింటి కప్పు చూశాం, మీది కూడా చూస్తాం, ఉచితమే. ఇక్కడ ఒక్క సంతకం, పైకెక్కడానికి అనుమతి కోసం" అంటారు. ఆ సంతకం చాలాసార్లు అనుమతి కోసం కాదు. ఇన్సూరెన్స్ కంపెనీ డబ్బు మంజూరు చేస్తే పని మాకే ఇవ్వాలి, లేకపోతే ఇంత శాతం చెల్లించాలి అని కింద చిన్న అక్షరాల్లో ఉంటుంది. చదవకుండా సంతకం వద్దు. పొరపాటున పెట్టేసినా కంగారు పడక్కర్లేదు. ఇంటి గుమ్మంలో 25 డాలర్లు మించి జరిగిన అమ్మకాన్ని మూడు పనిదినాల్లో రద్దు చేసుకునే హక్కు ఫెడరల్ నియమం ఇస్తోంది. రాతపూర్వకంగా పంపి, నకలు దగ్గర పెట్టుకోండి.

మొన్నామధ్య ఫ్రిస్కో నుంచి తెలిసినవాళ్ళమ్మాయి ఫోన్ చేసింది. "అంకుల్, రూఫర్ మా డిడక్టిబుల్ తనే చూసుకుంటానంటున్నాడు. మాకు పైసా ఖర్చు ఉండదట. పక్కవాళ్ళందరూ అలాగే చేయించుకున్నారట. సరేననమంటారా?" అని. వాళ్ళ పాలసీలో గాలి, వడగళ్ళ డిడక్టిబుల్ రెండు శాతం. ఇంటికి ఐదు లక్షల డాలర్ల కవరేజీ. అంటే డిడక్టిబుల్ పదివేలు. పదివేలు మిగులుతాయంటే ఎవరికి ఆశ పుట్టదు? ఇద్దరు చిన్నపిల్లలు, ఇల్లు కొని రెండేళ్ళు, చేతిలో డబ్బు తక్కువ.

నేను చెప్పిందేమిటంటే, 2019 సెప్టెంబరు 1 నుంచి టెక్సాస్‌లో డిడక్టిబుల్ మాఫీ చేస్తాననో, వెనక్కి ఇస్తాననో కాంట్రాక్టరు చెప్పడం నేరం. ఇంటివాళ్ళు తమ డిడక్టిబుల్ తాము చెల్లించి తీరాలి. చెల్లించినట్టు రుజువు చూపించమని ఇన్సూరెన్స్ కంపెనీ అడగవచ్చు, చూపించేదాకా మిగతా డబ్బు ఆపవచ్చు. సరే, చట్టం సంగతి అలా ఉంచండి. ఆ పదివేలు ఎక్కడినుంచి వస్తాయి? రూఫరు జేబులోంచి రావు. ఇన్సూరెన్స్‌కి పంపే బిల్లు పెంచితే అది మోసం, ఆ కాగితాల మీద మీ పేరూ ఉంటుంది. బిల్లు పెంచకపోతే కప్పులో కోస్తాడు: పాత ఫ్లాషింగ్ అలాగే ఉంచేస్తాడు, కింద పరిచే పొర చవకది వేస్తాడు, నాసి పనివాళ్ళని పెడతాడు. అది బయటపడేది నాలుగేళ్ళ తర్వాత, బెడ్‌రూమ్ సీలింగు మీద మరకగా.

ఆ అమ్మాయి, ఆమె భర్త ఆ రూఫర్‌ని వద్దనుకున్నారు. వేరే ముగ్గురి దగ్గర అంచనాలు తీసుకుని, డబ్బు సర్దుకోవడానికి రెండు నెలలు పట్టినా, ఆగి చేయించుకున్నారు. ఈ లోపల వాన లోపలికి రాకుండా కప్పు మీద టార్పాలిన్ వేయించి, ఆ బిల్లు దాచుకున్నారు. అలాంటి తాత్కాలిక మరమ్మతు ఖర్చు సాధారణంగా క్లెయిములో చేర్చుకోవచ్చు.

ఇన్సూరెన్స్ డబ్బు రెండు రకాలుగా వస్తుంది. పాలసీ తీసి ఏది ఉందో ఈ రోజే చూసుకోండి. ఉదాహరణకి కొత్త కప్పుకి 20,000 అవుతుందనుకోండి. పాతది సగం అరిగిందని 10,000 తరుగు తీశారు, డిడక్టిబుల్ 6,000. మొదటి చెక్కు 4,000 వస్తుంది. మీది రీప్లేస్‌మెంట్ కాస్ట్ పాలసీ అయితే పని పూర్తయి బిల్లు పంపాక ఆ 10,000 కూడా వస్తుంది. యాక్చువల్ క్యాష్ వాల్యూ అయితే ఆ 4,000తో సరి. ప్రీమియం తగ్గుతుందని రెన్యువల్‌లో రెండోదానికి మారిపోయి, ఆ సంగతే తెలియనివాళ్ళు మనలో ఉన్నారు. ఇంకోటి, ఇంటి మీద అప్పుంటే చెక్కు మీద బ్యాంకు పేరు కూడా ఉండవచ్చు. వాళ్ళ సంతకానికి వారాలు పట్టవచ్చు కాబట్టి కాంట్రాక్టరుకి ముందే చెప్పండి.

క్లెయిము బేరం మేమే ఆడిపెడతాం అనే రూఫర్లతో కూడా జాగ్రత్త. టెక్సాస్‌లో అదే ఇంటికి కప్పు వేసే కాంట్రాక్టరు మీ తరఫున క్లెయిము సంప్రదింపులు చేయకూడదు. 2024లో రాష్ట్ర సుప్రీంకోర్టు కూడా ఈ చట్టాన్ని నిలబెట్టింది. అడ్జస్టరు వచ్చినప్పుడు రూఫరు పక్కనుండి దెబ్బలు చూపించవచ్చు, కొలతలు చెప్పవచ్చు. అంతవరకే.

ఇక కప్పు సంగతి. అందరికీ ఒకే షింగిల్ చెప్పేవాడు మీ ఇల్లు చూడలేదన్నమాట. ముందు వాలు చూడాలి. 12 అంగుళాల అడ్డానికి ఎన్ని అంగుళాలు లేస్తుందో అదే వాలు. ఈ కొత్త సబ్‌డివిజన్లలో ముందువైపు 12కి 12 కూడా ఉంటుంది, చూడ్డానికి గోపురంలా. వెనక వరండా మీద 12కి 2 ఉంటుంది. 2 కంటే తక్కువ వాలుకి షింగిల్ పనికిరాదు. 2 నుంచి 4 మధ్యలో వేయవచ్చు గాని కింద రెండు పొరల అండర్‌లేమెంట్ ఉండాలి. 2 కన్నా తగ్గితే మోడిఫైడ్ బిట్యుమెన్‌లాంటి పరుపు కప్పు వేయాలి. ప్లేనోలో 1980ల నాటి ఇళ్ళు కొన్నవాళ్ళు వెనక గది కారుతోందని నన్ను పిలిస్తే, వెళ్ళి చూస్తే చాలాసార్లు ఇదే కారణం. మూడుసార్లు షింగిళ్ళు మార్పించి ఉంటారు, వాలు సంగతి ఒక్కరూ చెప్పి ఉండరు.

వాలు పెరిగితే ఖర్చూ పెరుగుతుంది. రూఫర్లు స్క్వేర్ లెక్కన మాట్లాడతారు, స్క్వేర్ అంటే 100 చదరపు అడుగులు. నేల మీద 2,500 చదరపు అడుగులు కప్పే ఇల్లు 12కి 8 వాలుంటే కప్పు 3,000 అవుతుంది, అంటే 30 స్క్వేర్లు. 12కి 12 అయితే 35 దాటుతుంది. ముక్కల వృథా దీనికి అదనం. ముగ్గురు కాంట్రాక్టర్లు ఇచ్చిన స్క్వేర్ల లెక్కలు ఒకదానికొకటి దగ్గర్లో లేకపోతే ఎవరో సరిగా కొలవలేదని అర్థం.

వడగళ్ళ ప్రాంతంలో నా ఓటు క్లాస్ 4 షింగిళ్ళకి. రెండంగుళాల ఉక్కు గుండుని 20 అడుగుల ఎత్తునుంచి ఒకేచోట రెండుసార్లు వదిలినా పగలకపోతే ఆ గ్రేడు ఇస్తారు. అయితే ఉక్కు గుండు వేరు, మంచుగడ్డ వేరు. ఐబీహెచ్ఎస్ అనే పరిశోధనా సంస్థ ప్రయోగశాలలో తయారుచేసిన వడగళ్ళతో కొట్టి చూసి 2019 నుంచి రేటింగులు ఇస్తోంది. క్లాస్ 4 అని రాసి ఉన్నవాటిలోనే మంచివీ, అంతంతమాత్రంవీ ఉన్నాయని వాటివల్ల తేలింది. కాంట్రాక్టరు చెప్పిన షింగిల్ పేరు ఆ జాబితాలో చూసుకోండి. టెక్సాస్‌లో చాలా కంపెనీలు క్లాస్ 4కి ప్రీమియం తగ్గిస్తాయి. దానికి పీసీ068 అనే ఫారం మీద కప్పు వేసినవారు సంతకం చేసి ఇవ్వాలి. పని అయిపోయాక ఆ సంతకం కోసం తిరగడం కష్టం, చివరి చెక్కు ఇవ్వకముందే తీసుకోండి. ఏజెంటుని ఇంకో ప్రశ్న అడగండి: ఈ రాయితీ తీసుకుంటే సొట్టలు మాత్రమే పడిన నష్టానికి డబ్బు ఇవ్వం అనే షరతు ఒప్పుకున్నట్టవుతుందా? లోహపు కప్పు వేయించుకునేవాళ్ళకి ఇది మరీ ముఖ్యం. రేకుకి సొట్ట పడుతుంది, నీళ్ళు కారవు, డబ్బు రాదు. ఇక క్లాస్ 4 షింగిళ్ళని కాలనీ అసోసియేషన్ అడ్డుకుంటుందేమోనని కొందరికి భయం. చుట్టుపక్కల ఇళ్ళకి కలిసే రూపంలో ఉంటే కాదనడానికి 2011 నుంచి టెక్సాస్ చట్టం ఒప్పుకోదు. అయినా రంగు నమూనాతో ముందుగా దరఖాస్తు పెట్టుకోవడమే సుఖం.

మన ఊరి పెంకుటిల్లులా కనిపించాలని కాంక్రీటు పెంకులు వేయించుకుంటామనేవాళ్ళు ఉన్నారు. అందంగానే ఉంటాయి. కానీ మామూలు షింగిళ్ళు స్క్వేర్‌కి 250 పౌండ్ల చుట్టుపక్కల ఉంటే, ఆ పెంకులు 900, 1,000 పౌండ్ల దాకా తూగుతాయి. మీ ఇంటి వాసాలు ఆ బరువుకి కట్టినవి కావు. ఇంజనీరు లెక్కలు లేకుండా పెంకులు ఎక్కించడానికి ఒప్పుకునే కాంట్రాక్టరుని గుమ్మంలోనే సాగనంపండి.

అటక మర్చిపోకండి. వేసవిలో మన అటకల్లో వేడి 130 డిగ్రీల ఫారెన్‌హీట్ దాటుతుంది, షింగిళ్ళని కిందనుంచి అదే కాలుస్తుంది. గాలి చూరు కింద లోపలికొచ్చి కొప్పు దగ్గర బయటికి పోవాలి. కొప్పు పొడుగునా రిడ్జ్ వెంట్ పెట్టి, పాత టర్బైన్లు కూడా అలాగే ఉంచితే గాలి ఒక చిల్లులోంచి వచ్చి పక్క చిల్లులోంచి పోతుంది, అటక చల్లబడదు. ఏదో ఒకటే ఉండాలి. సోలార్ పలకల ఆలోచన ఉన్నవాళ్ళు ముందు కప్పు మార్పించుకుని తర్వాత పలకలు పెట్టించండి. లేకపోతే వాటిని దింపి ఎక్కించే ఖర్చు వేరే.

ఇంతకీ కాంట్రాక్టరుని ఎలా ఎంచుకోవాలి? కాలిఫోర్నియా, ఫ్లోరిడా, ఇల్లినాయ్‌లలో ఉన్న మన బంధువులకి రాష్ట్ర లైసెన్సు చూసుకునే వీలుంది. టెక్సాస్‌లో రూఫర్లకి రాష్ట్ర లైసెన్సే లేదు. ట్రక్కు, నిచ్చెన ఉన్న ప్రతివాడూ రూఫరే. అందుకని ఆ వాకబు మనమే చేసుకోవాలి. నేను చూసేది, ఐదారేళ్ళ కిందట అతను వేసిన కప్పులు. నిన్న వేసిన కప్పు ఎవరిదైనా బాగానే ఉంటుంది. పాత అడ్రసులు నాలుగు అడిగి, ఆ ఇంటివాళ్ళతో మాట్లాడండి: తర్వాత ఎప్పుడైనా కారిందా, పిలిస్తే వచ్చాడా? లయబిలిటీ ఇన్సూరెన్స్ సర్టిఫికెట్ అతని చేతినుంచి కాకుండా అతని ఏజెంటు దగ్గరనుంచి నేరుగా తెప్పించుకోండి. పనివాళ్ళకి వర్కర్స్ కాంపెన్సేషన్ ఉందా అని విడిగా అడగాలి, టెక్సాస్‌లో ప్రైవేటు యజమానులకి అది తప్పనిసరి కాదు కాబట్టి. రెండంతస్తుల ఎత్తునుంచి మనిషి పడితే ఆ బాధ్యత ఎవరిదో ముందే తెలిసి ఉండాలి.

కాంట్రాక్టు కాగితంలో "కొత్త కప్పు, ఇంత" అని ఒక్క లైను ఉంటే సంతకం చేయకండి. షింగిల్ పేరు, కింద పొర పేరు, రెండు వాలులు కలిసేచోట నీరు దిగని అంటుకునే పొర, చూరు అంచున డ్రిప్ ఎడ్జ్, చిమ్నీ దగ్గరా గోడ దగ్గరా కొత్త ఫ్లాషింగ్, గొట్టాల చుట్టూ కొత్త రబ్బరు తొడుగులు, ఇవన్నీ రాయించండి. పాతవి విప్పాక కింద పలకలు పుచ్చి ఉంటే ఒక్కో పలకకి ఎంత అన్నదీ రాయించండి, బిల్లు ఊరికే ఉబ్బేది అక్కడే. షింగిల్‌కి ఎన్ని మేకులో కూడా. మేకు గీత మీద పడకుండా పైకి పోతే పెద్దగాలికి ఆ వరసంతా లేస్తుంది. ఇక లైఫ్‌టైమ్ వారంటీ అంటే షింగిల్ తయారీ లోపాలకి మాత్రమే, అదీ ఏళ్ళు గడిచేకొద్దీ తగ్గిపోతుంది. వడగళ్ళకి వర్తించదు. పనితనానికి కాంట్రాక్టరు ఎన్నేళ్ళు పూచీ ఇస్తాడో అది వేరే కాగితం. పర్మిట్ సంగతి ఊరూరికీ మారుతుంది, సిటీ బిల్డింగ్ విభాగానికి ఒక ఫోన్ చేస్తే చెబుతారు.

అడ్వాన్సుగా మొత్తం డబ్బు ఎవరికీ ఇవ్వకండి. సరుకు మీ వాకిట్లో దిగాక కొంత, మిగతాది పని అయ్యాక. చివరి చెక్కు ఇచ్చేముందు సరుకు అమ్మినవాళ్ళకీ పనివాళ్ళకీ డబ్బు ముట్టిందని లీన్ రిలీజ్ కాగితం తీసుకోండి. కాంట్రాక్టరు వాళ్ళకి ఎగ్గొడితే వాళ్ళు మీ ఇంటి మీద లీన్ వేయడానికి చూస్తారు. ఆ తర్వాత అయస్కాంతం బండితో గడ్డంతా రెండుసార్లు తిప్పించండి. ఒక కప్పు విప్పితే వేల మేకులు రాలతాయి, మన పిల్లలేమో వెనక పెరట్లో చెప్పుల్లేకుండా పరిగెడతారు.