తేనెటీగ విషము పడనివారు – పెరటి తోట

పెరటిలో గుమ్మడి, దోస, కాకర పాదులు పెట్టినవారికి తేనెటీగ చేయు మేలు తెలియనిది కాదు. ఈ పాదులలో మగపూవు వేరు, ఆడపూవు వేరు. ఈగ పుప్పొడిని చేర్చినచో పిందె నిలుచును. లేనిచో పండుబారి రాలిపోవును. ఇంటిలో ఒకరికి ఈగ విషము పడదని తెలిసినపుడు ఈగలను చంపవలెనా, తోటను మానవలెనా అను సందేహము మీకు కలుగవచ్చును. రెండును అక్కరలేదు. కాని కొన్ని కట్టుబాట్లు తప్పవు.

కుట్టినచోట నొప్పి, ఎరుపు, వాపు అందరికిని కలుగును. చేయి అంతయు వాచి రెండు మూడు దినములున్నను, అది ఆ చోటనే ఆగినచో సాధారణముగా ప్రాణభయము లేదు. కుట్టినది వ్రేలిమీదనై ఒడలంతయు దద్దురులు లేచుట, పెదవులు, నాలుక వాచుట, గొంతు బిగియుట, ఆయాసము, వాంతి, కండ్లు తిరుగుట – ఇవి అపాయ సూచనలు. తరచుగా అరగంట లోపలనే కనబడును. ఒకసారి ఇట్లయినవారు మరల కుట్టించుకొనరాదు. కుట్టగా కుట్టగా అలవాటగునని కొందరందురు. వీరి విషయములో ఆ మాట ప్రాణము మీదికి తెచ్చును.

పూలమీద తిరుగు ఈగ, నలిపిననో తొక్కిననో తప్ప కుట్టుట అరుదు. అపాయమంతయు పట్టు దగ్గర. అచట ఒక ఈగ కుట్టగానే అరటిపండు వాసన వంటి వాసన వెలువడి, తక్కిన ఈగలను రెచ్చగొట్టును. కనుక విషము పడనివారు తేనెపెట్టె మూత ఎన్నడును తీయరాదు. ముసుగు, చేతి తొడుగులు ఉన్నవి గదా అని ధైర్యపడరాదు. ఒక్క ఈగ లోపల దూరిన చాలును. పుట్ట తేనెటీగల పెట్టె ఇదివరకే ఉన్నచో, దానిని తోటకు దూరముగా ఉన్న పొలమునకు, తెలిసిన పెంపకందారుచే చేర్పించుడు. ఈగలు అచటినుండియే మీ పూలకు వచ్చును.

గుమ్మడిపూలు తెల్లవారుచుండగా విచ్చి మధ్యాహ్నమునకు ముడుచుకొనును. ఈగల సందడి ఉదయముననే గనుక, కోత, కలుపుతీత సాయంకాలమునకు పెట్టుకొనుడు. చెప్పులు లేక తిరుగవద్దు. ఘాటైన వాసన నూనెలు రాసికొని తోటలోనికి పోవద్దు. వేసవిలో ఈగలు నీటితొట్టికి చేరును. తోట చివర వెడల్పు పళ్ళెములో గులకరాళ్ళు వేసి, అవి పూర్తిగా మునుగకుండ నీరు పోసి, తొట్టిపై మూత వేయుడు.

ఈగలను పెంచవలెనను కోరిక ఉన్నచో, గోడ నెర్రెలలో కాపురముండు నల్లని, చీమంత ఈగలు కలవు. వీనికి కుట్టు ముల్లు లేదు. మట్టికుండలోనైనను పెంచవచ్చును. తేనె కొద్దియే, కెలికినపుడు జుట్టులో చిక్కుకొని కొరుకును, అంతే.

చెట్టుకొమ్మకో, మేడ చూరుకో పెద్ద కొండ తేనెటీగలు పట్టు పెట్టినచో రాయి విసరవద్దు, పొగ వేయవద్దు. గుంపుగా వెంటబడి కుట్టును. అన్ని ముండ్లు దిగినపుడు విషము పడువారికైనను ముప్పే. పిల్లలను ఆ వైపు పోనీయక, అనుభవజ్ఞులను పిలువుడు.

కుట్టినచో ముల్లు చర్మములోనే ఉండి విషము ఎక్కించుచుండును. గోటితో గీకియో, లాగియో వెంటనే తీయుడు. ఎట్లు తీయుట అని ఆలోచించు లోపల విషము దిగిపోవును. సున్నము, ఉల్లిరసము రాయుచు కూర్చొనవద్దు. అపాయ సూచనలు కనబడినచో 108 నంబరుకు ఫోను చేయుడు. మనిషిని పరుండబెట్టి కాళ్ళు ఎత్తుగా ఉంచుడు. ఆయాసముగా ఉన్నచో కూర్చొననీయుడు, నడిపించవద్దు. దీనికి మొదటి మందు తొడ కండలో ఇచ్చు అడ్రినలిన్ ఇంజెక్షను. దద్దుర్ల మాత్ర దానికి బదులు కాదు. తగ్గినట్లు కనబడినను కొన్ని గంటలకు మరల రావచ్చును గనుక, వైద్యుడు పొమ్మనువరకు ఆసుపత్రిలోనే ఉండవలెను.

ఒకసారి ఇట్లయినవారు వైద్యుని కలిసి, ఇంటిలో అడ్రినలిన్ ఉంచుకొనుట, వాడు పద్ధతి ముందుగా నేర్చుకొనవలెను. విషమునే అతి స్వల్పముగా మొదలుపెట్టి 3 నుండి 5 సంవత్సరములు ఇచ్చు చికిత్సయు కలదు. అది దొరకు చోటు వైద్యుని అడుగుడు. కుట్టినది తేనెటీగయో, కందిరీగయో చెప్పుట అవసరము, రెంటి విషములు వేరు. ముల్లు చర్మములో మిగిలినచో అది తేనెటీగయే అనుకొనవచ్చును. రక్తపోటుకు మందు వాడుచున్నచో ఆ చీటీ కూడ వెంట తీసికొనిపోవుడు.