మన వరండా తీగలు: పేరు తెలుసుకుని పెంచుదాం



మన హాస్టలు వరండాలో వేలాడే డబ్బాలను రోజూ చూస్తూనే ఉన్నారు. పళ్ళు తోముకుంటూ వాటికి నీళ్ళు పోసేవాళ్ళున్నారు, పువ్వు తెంపి జేబులో వేసుకునేవాళ్ళూ ఉన్నారు. కానీ "ఇది ఏం తీగరా?" అని అడిగితే సగం మంది తెల్లమొహం వేస్తారు. పేరు తెలియకపోతే ఏమవుతుందో పోయిన చలికాలంలో చూశాం.

వానలు మొదలైనప్పుడు మాలో ఒకడు ఊరినుంచి వస్తూ చేనుగట్టున దొరికిన దుంప తెచ్చి డబ్బాలో పాతాడు. ఆగస్టులో అది మంటలాంటి పూలు పూసింది. అందరం మెచ్చుకున్నాం, పేరు మాత్రం ఎవరమూ అడగలేదు. చలికాలానికి తీగ ఎండిపోయింది. ఆరో తరగతి తమ్ముడొకడు డబ్బా తవ్వి, తినే అడవిదుంపే అనుకుని, కాల్చుకుందామని వంట పొయ్యి దగ్గరికి తీసుకెళ్ళాడు. వంట చేసే పెద్దమ్మ చూసి చేతిలోంచి లాగేసింది. "ఇది నాభిరా! తింటే బతుకుతావా?" అని అరిచింది. ఆ దుంప తెచ్చింది నేనే. అందుకే ఈ వ్యాసం రాస్తున్నాను.

గుర్తుపట్టడం ఎలా?

పువ్వు పూసేదాకా ఆగక్కర్లేదు. రెండు సంగతులు చూస్తే చాలు. తీగ దేనితో పట్టుకుంటోంది? ఆకు ఎలా ఉంది?

1. శంఖుపుష్పం (దింటెన): కాండమే పుల్లకు చుట్టుకుంటుంది. ఒక ఈనెకు 5 లేక 7 చిన్నాకులు ఉంటాయి, చివర ఒంటి ఆకు తప్పక ఉంటుంది. పువ్వు నీలం, మధ్యలో తెలుపు, పసుపు. పూర్తిగా తెల్లగా పూసే రకం కూడా ఉంది.

2. కాశీరత్నం: ఇదీ కాండంతోనే చుట్టుకుంటుంది. ఆకు పక్షి ఈకలాగా సన్నగా చీలి ఉంటుంది. పువ్వు ఎర్రటి నక్షత్రం, అయిదు కొనలు.

3. రాధామనోహరం: చుట్టుకోదు, పక్కవాటి మీద వాలి ఎగబాకుతుంది. ఆకులు ఎదురెదురుగా జంటగా వస్తాయి. ఆకు రాలినా దాని కాడ మొదలు ముల్లులా మిగిలిపోతుంది. పువ్వు సాయంత్రం తెల్లగా విచ్చుకుని, తర్వాత గులాబీ రంగుకు, ఆపైన ఎరుపుకు మారుతుంది. ఒకే గుత్తిలో మూడు రంగులు కనిపించేది అందుకే.

4. గడ్డిరోజా (నాచుపూలు): ఎక్కదు, డబ్బా అంచునుంచి కిందికి వేలాడుతుంది. ఆకులు సన్నగా, నీరు నిండి బొద్దుగా ఉంటాయి. ఎండ వస్తేనే పూలు విచ్చుకుంటాయి, సాయంత్రానికి ముడుచుకుంటాయి.

ఈ రెండూ డబ్బాల్లో వద్దు

అగ్నిశిఖ (అడవినాభి): ఆకు చివరి కొనే సన్నగా తిరిగి పుల్లను పట్టుకుంటుంది. ఇదే దీని అసలు గుర్తు. కాకర, బీరలకు నులితీగ కణుపు దగ్గర వస్తుంది, ఆకు కొసన రాదు. అగ్నిశిఖ రేకలు అలలుగా, పైకి తిరిగి, ఎరుపు పసుపు కలిసి ఉంటాయి. చెట్టంతా విషమే, దుంపలో మరీ ఎక్కువ. అందులో కోల్చిసిన్ అనే పదార్థం ఉంది. కాల్చినా ఉడికించినా తినకూడదు.

గురివింద: చింతాకులాగా చిన్నాకులు చాలా జతలు ఉంటాయి, చివర ఒంటి ఆకు ఉండదు. శంఖుపుష్పానికీ దీనికీ తేడా అక్కడే. ఎర్ర గింజ మీద నల్లమచ్చ అందంగానే ఉంటుంది, కానీ నమిలితే ప్రాణానికే ముప్పు. పూసలు గుచ్చేవాళ్ళు దారం నోటితో తడపకండి.

ఎవరైనా పొరపాటున తింటే వాంతులు అయ్యేదాకా చూస్తూ కూర్చోవద్దు. వెంటనే వార్డెన్ గారికి చెప్పాలి, ఆ మొక్క ముక్క పట్టుకుని ఆస్పత్రికి వెళ్ళాలి.

పెంచడం

పాత నూనె డబ్బా, పగిలిన బకెట్టు ఏదైనా పనికొస్తుంది. అడుగున మేకుతో నాలుగైదు చిల్లులు పెట్టాలి. చిల్లులు లేకపోతే వేళ్ళు కుళ్ళుతాయి, నిలిచిన నీళ్ళలో దోమలు గుడ్లు పెడతాయి. మన ఏజెన్సీలో దోమ అంటే ఏమిటో చెప్పక్కర్లేదు కదా!

మట్టి, ఇసుక, బాగా మాగిన పశువుల ఎరువు సమానంగా కలపాలి. శంఖుపుష్పం గింజకు పైతొక్క గట్టిది, రాత్రంతా నానబెట్టి నాటాలి. కాశీరత్నం కూడా గింజతోనే వస్తుంది. గడ్డిరోజాకు వేలెడు కొమ్మ తుంచి గుచ్చితే చాలు. రాధామనోహరం పెద్ద తీగ, డబ్బా చాలదు. కొమ్మ ముక్క తెచ్చి స్తంభం పక్కన నేలలో నాటండి.

వేలు మట్టిలో పెట్టి చూడండి, పొడిగా ఉంటేనే నీళ్ళు పోయండి. బియ్యం కడిగిన నీళ్ళు పోయవచ్చు. ఉప్పు కలిసిన ఎంగిలినీళ్ళు మాత్రం వద్దు. లేత కొసలకు పేనుబంక పడితే కుంకుడు రసం నీళ్ళలో పలచగా కలిపి చల్లండి. పాకేవాటికి వెదురు పుల్ల, పురికొస కట్టండి.

చేసి చూడండి

పది శంఖుపుష్పాలు వేడినీళ్ళలో వేస్తే నీలిరంగు దిగుతుంది. దాన్ని రెండు గ్లాసుల్లో పోయండి. ఒకదాంట్లో నిమ్మరసం పిండితే గులాబీ రంగు వస్తుంది. రెండోదాంట్లో సున్నపుతేట పోస్తే ఆకుపచ్చగా మారుతుంది (కంట్లో పడకుండా జాగ్రత్త). సైన్సు పాఠంలో ఆమ్లం, క్షారం అన్నవి ఇవే. లిట్మస్ కాగితం లేకపోయినా మన వరండాలో తీగ ఉంది!

చివరిగా ఒక మాట. ఈ వారం నుంచి ప్రతి డబ్బాకూ పేరు రాసిన అట్టముక్క కడుతున్నాం. కొత్త తీగ తెచ్చేవాళ్ళు ముందు పెద్దమ్మకో, మీ ఊరి పెద్దవాళ్ళకో చూపించి పేరు అడగండి. పేరు లేని తీగకు మన వరండాలో చోటు లేదు. ఆరో తరగతి తమ్ముడు ఇప్పుడు ఆ అట్టముక్కలు రాస్తున్నాడు. అక్షరాలు బాగుంటాయి, వెళ్ళి చూడండి.