పులి, మేక, గడ్డిమోపు

పులిని, మేకను, గడ్డిమోపును వెంటబెట్టుకొని ఏటి యొడ్డున నిలిచిన ఆసామి కథ తెలియని తెలుగువారు అరుదు. పడవ చిన్నది. ఆసామితోపాటు వానిలో ఒక్కదానికే చోటు కలదు. ఆసామి కనిపెట్టి యుండనిచో పులి మేకను తినును, మేక గడ్డిని తినును. మూడింటిని క్షేమముగా ఆవలి యొడ్డునకు చేర్చుట యెట్లు? పులిని వెంటబెట్టుకొని తిరుగు ఆ మహానుభావు డెవరో, ఏరు చేరులోపల అది ఆతనినే యేల తినలేదో ఎవరును అడుగరు. చిక్కు ప్రశ్నల లోకమున అట్టి సందేహములకు తావు లేదు.

ఇది మన పల్లెలలో పుట్టిన ప్రశ్నయే యని నేను చాలకాలము నమ్మియుంటిని. కాని ఎనిమిదవ శతాబ్ది చివర చార్లెమేన్ ప్రభువు కొలువున నుండిన ఆల్కుయిన్ అను పండితుడు కూర్చినదిగా చెప్పబడు లాటిన్ సంపుటమున, తోడేలు, మేక, క్యాబేజీలతో ఇదే సమస్య కనబడుచున్నది. యువకుల బుద్ధికి పదును పెట్టు సమస్యలు అని ఆ సంపుటము పేరునకు అర్థము.

మొదట మేకను దాటింపవలెనని ఎల్లరకును తోచును. పిదప పులిని గొనిపోవుదుము. అక్కడ పులికిని మేకకును పొసగదు. పిల్లలందరును ఆగిపోవు తావు ఇదియే. ఒకసారి దాటించినదానిని మరల వెనుకకు తేరాదని ప్రశ్నలో ఎక్కడను లేదు. ఆ నిషేధమును మన మనస్సే కల్పించుకొన్నది. మేకను వెనుకకు తెచ్చి, ఈ యొడ్డున దింపి, గడ్డిని దాటించి, ఉత్త పడవతో వచ్చి, మేకను మరల గొనిపోయినచో ఏడు ప్రయాణములలో పని తీరును.

నా ఉపాధ్యాయ వృత్తి తొలినాళ్లలో ఒక ఉన్నత పాఠశాలయందు తెలుగు చెప్పుచుంటిని. శనివారము చివరి గంటలో చిక్కు ప్రశ్నల పోటీ పెట్టుట నాకు వేడుక. ఒకనాడు ఈ ప్రశ్ననే యిచ్చి, సమాధానమును కాగితముపై వ్రాయుడంటిని. తొమ్మిదవ తరగతి బాలుడొకడు అందరికంటె ముందుగా వ్రాసి తెచ్చెను. మేక తరువాత గడ్డిని దాటించినట్లు అందున్నది. నా పుస్తకమున మేక తరువాత పులి. నేను రెండవ పంక్తి దాటి చదువలేదు. ఎర్రసిరాతో అడ్డముగా కొట్టివేసితిని.

“మాస్టారూ, ఇట్లా కూడా వస్తుందండీ” అని వాడు మెల్లగా అనెను.

“పుస్తకం కంటే నీకెక్కువ తెలుసునా? కూర్చో” అంటిని. బహుమతిగా నుంచిన కలము వేరొక బాలునికి పోయెను.

రాత్రి భోజనమైన పిదప ఏదో అనుమానము పీడింపగా, ఒక చింతగింజను, ఒక వక్కపలుకును, ఒక అగ్గిపుల్లను తీసికొని చాపమీద ఏరు దాటించితిని. మేకను, తరువాత గడ్డిని దాటించి, మేకను వెనుకకు తెచ్చి, పులిని దాటించి, తిరిగివచ్చి మేకను గొనిపోతిని. ఏడే ప్రయాణములు. ఎవరును ఎవరిని తినలేదు. పులికైనను గడ్డికైనను పొసగనిది మేక యొక్కటియే కదా; కనుక ఆ రెండింటిలో ఏది ముందైనను ఒకటే. సోమవారమునాడు మరొక కలము కొని వాని కిచ్చి, తరగతి యెదుట నా తప్పు చెప్పితిని. వాడు కలము పుచ్చుకొనెను, “ఫరవాలేదండీ” అనెను. కాని ఆ సంవత్సరమంతయు వాడు నా తరగతిలో మరల చేయి యెత్తలేదు.

లేని నిషేధమును ఊహించుకొనవలదని బోధించు ప్రశ్న అది. దానికి ఒకే సమాధానమను లేని నిషేధమును నేను కల్పించితిని.

ఇట్టి నిషేధములను తొలగించుకొని ప్రక్కనుండి సమస్యను చూచుటకు మాల్టా దేశీయుడైన ఎడ్వర్డ్ డి బోనో అను వైద్యుడు 1967లో లేటరల్ థింకింగ్ అని పేరిడెను. పార్శ్వచింతన యని మనమనుకొనవచ్చును. తన మతమును వివరించుటకు ఆయన చెప్పిన కథ ఒకటి కలదు. అప్పులలో మునిగిన వర్తకుని కూతును ఒక ముసలి వడ్డీవ్యాపారి కోరెను. సంచిలో ఒక నల్లరాయి, ఒక తెల్లరాయి వేయుదును. నల్లది తీసినచో పిల్ల నన్ను పెండ్లాడవలెను, అప్పు రద్దు. తెల్లది తీసినచో పెండ్లియు లేదు, అప్పును లేదు. తీయనిచో తండ్రి చెరసాలకు, అనెను. తోటబాటలో నిలిచి మాటలాడుచు వాడు రెండును నల్లరాళ్లే యేరి సంచిలో వేయుట ఆ పిల్ల చూచెను. మోసమని అరచినచో తండ్రికి కీడు. ఊరకున్నచో తనకు కీడు. ఏ రాయి తీయవలెనా యని మనము కొట్టుకొనుచుందుము. ఆమె చూపు సంచిలో మిగులు రాతిపై నిలిచెను. ఒక రాయి తీసి, చూచునంతలో చేయి జారినట్లు బాటలోని రాళ్లలో పడవైచి, “అయ్యో, పోనీండి, సంచిలో మిగిలినదానిని చూచినచో నేను తీసినదేదో తెలియును గదా” యనెను. మిగిలినది నల్లనిది. తన మోసమును తానే బయటపెట్టుకొననిదే వ్యాపారి నోరెత్తలేడు.

పేరు క్రొత్తదే గాని పని పాతది. 1914లో వెలువడిన సామ్ లాయిడ్ చిక్కుల సంపుటమున తొమ్మిది చుక్కల ప్రశ్న యున్నది. మూడు వరుసలుగా చతురస్రమున నుంచిన 9 చుక్కలను, కలమెత్తకుండ 4 సరళరేఖలతో కలుపవలెను. చతురస్రము లోపలనే తిరుగాడువానికి ఎన్నటికిని సాధ్యము కాదు. రేఖలను చుక్కల ఆవలికి సాగనిచ్చినచో సాధ్యమగును. నల్లబల్లపై వేయించి చూడుడు.

కార్ల్ డుంకర్ అను జర్మన్ మనస్తత్వవేత్త పరిశీలన ఉపాధ్యాయులకు మరింత పనికివచ్చును. 1945లో ఆంగ్లమున వచ్చిన ఆయన గ్రంథమున ఈ ప్రయోగము వర్ణింపబడినది. కొవ్వొత్తిని తలుపునకు అమర్చి వెలిగింపవలెను. ఇచ్చిన సామగ్రిలో చిన్న పెట్టెలును, గుచ్చు పిన్నులును, అగ్గిపుల్లలును కలవు. పెట్టెను పిన్నులతో తలుపునకు గుచ్చి, దానినే పీటగా చేసి కొవ్వొత్తిని నిలుపుట ఉపాయము. పెట్టెలను వస్తువులతో నింపి యిచ్చినప్పుడు చాలమందికి అది తోచలేదు. ఖాళీగా నిచ్చినప్పుడు తోచెను. నిండిన పెట్టె పెట్టెగానే కనబడును. మనము ప్రశ్నను చెప్పు తీరే పిల్లల బుద్ధికి సగము సంకెల యగుననుటకు ఇంతకంటె నిదర్శన మేమి కావలెను?

పదునేడు ఏనుగుల పంపకము మాత్రము నాకంతగా రుచింపదు. సగము పెద్దవానికి, మూడవ వంతు నడిమివానికి, తొమ్మిదవ వంతు చిన్నవానికి. పొరుగువాని ఏనుగును చేర్చి 18 చేసి, 9, 6, 2గా పంచి, దానిని తిరిగి యిచ్చివేయుట. వినుటకు ఇంపుగనే యుండును. కాని ఆ మూడు భాగములను కూడినచో పదునెనిమిదింట పదునేడు వంతులే. తండ్రి వీలునామాయే ఆస్తిని పూర్తిగా పంచలేదు. అది చెప్పక చమత్కారము మాత్రము చెప్పినచో పిల్లవాడు నవ్వును గాని నేర్చుకొనడు.

తెలుగు పంతులు గనుక నా సొంత పెరటిని మరువజాలను. అవధానములలో సమస్యాపూరణ మన్నది అచ్చముగా ఈ విద్యయే. వీరుడొకడు “రాతిని చంపెను” అని సమస్య యిచ్చిరనుకొందము. రాతికి ప్రాణము లేదు, చంపుట యెట్లు? తడుముకొనువాడు రాతికి ప్రాణము పోయుటకు చూచును. నేర్చినవాడు పై పాదము చివర ‘అ’ యను అక్షరము నుంచును. అరాతిని, అనగా శత్రువును, చంపెను. పాదమున ఒక్క అక్షరమైనను మారలేదు. మారినది దాని హద్దు. ఒక్కొక్కప్పుడు ఆ అసంబద్ధపు మాటను త్రాగుబోతు నోటనో, కలగన్నవాని నోటనో పెట్టుదురు. అది తేలిక దారి. సభ నవ్వును గాని మెచ్చదు.

గత సంవత్సరము మా కళాశాలలో మూడు స్విచ్చుల ప్రశ్న వేసితిని. గది వెలుపల మూడు స్విచ్చులు, లోపల ఒక బల్బు. ఒక్కసారే లోనికి పోయి ఏ స్విచ్చు దానిదో చెప్పవలెను. మొదటిదానిని కొంతసేపు వేసి ఆర్పి, రెండవదానిని వేసి లోనికి పోవలెను. వెలుగుచున్నచో రెండవది, ఆరి వెచ్చగా నున్నచో మొదటిది, ఆరి చల్లగా నున్నచో మూడవది. నేను చెప్పి ముగించునంతలో ఒక విద్యార్థిని లేచెను.

“సార్, మా ఇంట్లో అన్నీ ఎల్‌ఈడీ బల్బులేనండి. అవి పాత బల్బుల్లా కాలవు కదా, మీ జవాబు ఎలా కుదురుతుంది?”

నా నోట పాత మాట ఒకటి రాబోయి ఆగినది. “తెలియదమ్మా, నువ్వే చూసి చెప్పు” అంటిని.

మరునాడు ఆమె వచ్చి, “పది నిమిషాలు వెలిగించి ఆర్పి చూశాను సార్. గుండ్రటి పైభాగం ఇంచుమించు చల్లగానే ఉంది, మెడ దగ్గర మాత్రం బాగా వెచ్చగా ఉంది. కానీ బల్బు పైకప్పుకు ఉంటే చెయ్యి ఎలా అందుతుంది?” అనెను.

“స్టూలు తీసుకెళ్లకూడదని ప్రశ్నలో ఎక్కడుంది?” అని వెనుక బల్లనుండి ఒక గొంతు వినవచ్చెను.