బడి పాయసపు రుచి

చిన్ననాడు ప్రభుత్వ వసతి గృహములలోను, ఆశ్రమ పాఠశాలలలోను చదివిన వారు పెద్దవారైన తరువాత ఒకచోట చేరినచో, మాటలు తరచుగా అచ్చటి తిండి మీదికి పోవును. నీళ్ళచారును తలచుకొని నవ్వుకొందురు. కాని పండుగనాడు గుండిగలో వండి, పెద్ద గరిటెతో పళ్ళెములో పోసిన పాయసమును తలచినప్పుడు, అట్టి రుచి మరల ఎరుగమందురు. ఆ కొలతలతోనే ఇంట వండి చూచినను ఆ రుచి రాదందురు. బియ్యము, పాలు, బెల్లము ఒక్కటే అయినప్పుడు ఈ భేదము ఎచ్చట నుండి వచ్చినది?

గోదావరికి దాపున, అడవి అంచున ఉన్న పినపాక మండలము 2016 వరకు ఖమ్మం జిల్లాలోనిది. ఇప్పుడు భద్రాద్రి కొత్తగూడెం జిల్లాలోనిది. కోయలు ఎక్కువగా నివసించు ఈ ప్రాంతమున గూడెములు దూరదూరముగా ఉండును. పిల్లలు అక్కడనే ఉండి చదువుకొనుటకు ఆశ్రమ పాఠశాలలు ఏర్పడినవి. ఇట్టిచోట బడి వంటశాల చదువులో ఒక భాగము. తిండి ఉన్న బడికి పిల్లలు వత్తురు; కడుపు నిండిన పిల్లలకు పాఠము తలకెక్కును.

బడిలో భోజనము పెట్టు ఆలోచన క్రొత్తది కాదు. 1920లో మద్రాసు కార్పొరేషన్, పిట్టి త్యాగరాయ శెట్టి నాయకత్వమున, థౌజండ్ లైట్స్ ప్రాంతపు పాఠశాలలో దీనిని ఆరంభించెను. తరువాతి కాలమున ఆంధ్రప్రదేశ్‌లోని బడులలో కేర్ సంస్థ ద్వారా వచ్చిన రవ్వతో ఉప్మా, పాలపొడితో పాలు చేసి పంచిరి. 2001లో సుప్రీంకోర్టు, ప్రాథమిక పాఠశాలల పిల్లలకు వండిన భోజనమే పెట్టవలెనని ఆదేశించెను. 2003 జనవరిలో ఆంధ్రప్రదేశ్‌లో మధ్యాహ్న భోజన పథకము ఆ విధముగా అమలులోనికి వచ్చినది.

గుండిగలోని రహస్యము

బియ్యపు గింజలోని పిండిపదార్థము సూక్ష్మమైన రేణువుల రూపమున ఉండును. నీటిలో వేడిచేసినప్పుడు, సుమారు 65 నుండి 75 సెంటీగ్రేడు డిగ్రీల మధ్య, ఈ రేణువులు నీటిని పీల్చి ఉబ్బును. వాటిలోని అమైలోజ్ అను పదార్థము కొంత బయటికి వచ్చి పాలలో కలియును. పాయసము చిక్కబడుటకు ఇదియే కారణము. చల్లారినప్పుడు ఈ అణువులు మరల ఒకదానితో ఒకటి పెనవేసుకొనును. అందుచేత రాత్రి జారుగా ఉన్న పాయసము తెల్లవారునప్పటికి గట్టిపడును.

ఇప్పుడు పాత్రల పరిమాణము చూతము. ఇంటి గిన్నె ఎత్తు, వెడల్పు 15 సెంటీమీటర్లు అనుకొందము. బడి గుండిగ 60 సెంటీమీటర్లు అనుకొందము. కొలత 4 రెట్లు పెరిగినచో ఉపరితలము 16 రెట్లు, ఘనపరిమాణము 64 రెట్లు పెరుగును. అనగా, లోని పదార్థముతో పోల్చినప్పుడు వేడి బయటికి పోవు ఉపరితలము గుండిగలో నాలుగవ వంతే. అందువలన గుండిగ ఆలస్యముగా చల్లారును. పొయ్యి మీది నుండి దించిన తరువాత కూడ గింజ చాలసేపు ఉడుకుచునే ఉండును. ఇంటి గిన్నె త్వరగా చల్లారును. కనుక లెక్క ప్రకారము వండినను, మెత్తదనము అంతగా రాదు.

కట్టెల పొయ్యిది రెండవ భాగము. కట్టెలోని లిగ్నిన్ అను పదార్థము కాలినప్పుడు గ్వయకాల్ మొదలగు వాసన ద్రవ్యములు పొగలో వెలువడును. మూత తీసి కలియబెట్టునప్పుడు ఇవి కొంత పాలలోని క్రొవ్వునందు కరగును. అడుగున కొంచెము మాడిన చోట మాంసకృత్తులు, చక్కెరలు కలిసి గోధుమరంగును, ఒక కమ్మని వాసనను కలిగించును. ఈ చర్యను 1912లో ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు మయార్ వివరించెను. గ్యాసు పొయ్యి మీద కట్టెపొగ ఉండదు.

నాలుక, ముక్కు, ఆకలి

రుచి అని మనము పిలుచుదానిలో చాల భాగము వాసనయే. జలుబు చేసినప్పుడు కూరలన్నియు ఒక్క తీరుగా చప్పగా తోచుట అందరెరిగినదే. చూపు, వినికిడి మొదలైన జ్ఞానముల వార్తలు మెదడులోని థలామస్ అను కేంద్రము గుండా పోవును. వాసన వార్తలు మాత్రము ముందుగా అచ్చటికి పోకయే, భావములకు, జ్ఞాపకములకు సంబంధించిన భాగములను సూటిగా చేరును. ఏలకుల వాసన తగిలిన వెంటనే బడి వరండా, తోడి పిల్లల వరుస కన్నుల ముందు నిలుచుటకు ఇది ఒక కారణము.

“ఆకలి రుచి ఎరుగదు” అను సామెతలో లోతైన సత్యమున్నది. ఖాళీ కడుపు నుండి గ్రెలిన్ అను హార్మోను రక్తములో చేరి మెదడును హెచ్చరించును. దీనిని 1999లో జపాను శాస్త్రజ్ఞులు కనుగొనిరి. ఆకలిగొన్నవానికి సామాన్యమైన తిండియు అమృతమే. తీపి సంవత్సరములో ఏ నాలుగు దినములలోనో దొరకునప్పుడు దాని విలువ ఇంకను హెచ్చును. ఇంట వండిన పాయసములో లేనిది ఆ ఆకలియు, ఆ అరుదుదనమును.

ఇంట వండు విధము

ఆరుగురికి 100 గ్రాముల బియ్యము, 400 మిల్లీలీటర్ల నీరు, అర లీటరు పాలు, 120 గ్రాముల బెల్లము చాలును. మొదట బియ్యమును నీటిలో మెత్తగా ఉడికించి, కాచిన పాలు పోసి సన్నని సెగ మీద చిక్కబరచవలెను. బెల్లమును కొంచెము నీటిలో కరగించి వడగట్టి వేరుగా ఉంచవలెను. పాయసమును దించి, పది నిమిషములు ఆరిన తరువాతనే ఆ పాకము కలుపవలెను. ఏలన, బెల్లము కొంచెము ఆమ్లగుణము కలది. మరుగుచున్న పాలలో వేసినచో పాలలోని కేసీన్ అను మాంసకృత్తు విడిపోయి పాలు విరుగును. తరువాత మూతపెట్టి, మందమైన గుడ్డ చుట్టి అరగంట ఉంచినచో గుండిగ చేయు పని గుడ్డ కొంతవరకు చేయును.

పినపాక అడవులలో మరియొక తీపి ఉన్నది. వేసవి ఆరంభమున రాత్రివేళ రాలు ఇప్పపువ్వును తెల్లవారుజామున ఏరి, ఎండబెట్టి నిలువచేయుదురు. ఎండిన పువ్వు బరువులో సగమునకు పైగా చక్కెరలే. కేసరములు తీసి, బాగుగా కడిగి ఉడికించిన పువ్వును, బెల్లములో కొంతకు బదులుగా పాయసములో కలుపవచ్చును.

జ్ఞాపకము, అవసరము

పై కొలతతో చేసిన పాయసములో ఒక్కొక్కరికి సుమారు 190 కేలరీలు, 4 గ్రాముల మాంసకృత్తులు లభించును. ప్రాథమిక తరగతుల పిల్లవానికి మధ్యాహ్న భోజనములో 450 కేలరీలు, 12 గ్రాముల మాంసకృత్తులు ఉండవలెనని నియమము. 6, 7, 8 తరగతుల వారికి 700 కేలరీలు, 20 గ్రాములు. కనుక పాయసము భోజనమునకు బదులు కాజాలదు. జ్ఞాపకము తీపిని నిలుపుకొన్నది. ఎముకను, కండను పెంచినది మాత్రము పప్పు, గ్రుడ్డు, ఆకుకూరలే. రాగిజావలోని సున్నము కూడ అట్టిదే: 100 గ్రాముల రాగులలో సుమారు 350 మిల్లీగ్రాముల కాల్షియము ఉండును.

ఉపాధ్యాయులు తరగతిలో చిన్న ప్రయోగము చేయించవచ్చును. రెండు చిన్న గిన్నెలలో, ఒక పెద్ద పాత్రలో ఒకే వేడి గల నీటిని నింపి, ఒక చిన్న గిన్నెకు మాత్రము మందమైన గుడ్డ చుట్టవలెను. పది నిమిషములకొకసారి ఉష్ణమాపకముతో వేడి కొలిచి పట్టిక వ్రాయించినచో, పాయసము మెత్తబడు కథ విద్యార్థులకు తమ చేతి అంకెలలోనే కనబడును. అదే పట్టిక ప్రక్కన ఆ దినము బడిలో పెట్టిన భోజనపు కొలతలు వ్రాసి, పై నియమముతో పోల్చుట నేర్పినచో, తమ పళ్ళెములో ఏమున్నది, ఏమి ఉండవలెను అను ప్రశ్న వారు స్వయముగా వేయగలరు.