బీడు, అడవి, పట్టా : మార్లవాయి గోండు పల్లె

ఉమ్మడి ఆదిలాబాదు జిల్లా జైనూరు మండలంలోని మార్లవాయి చిన్న గోండు పల్లె. గిరిజన భూసమస్య మూలాలను గ్రహించడానికి ఈ పల్లె చరిత్ర ముఖ్యమైన ఆధారం. ఇక్కడి గోండులు తేలిక నేలల్లో వానకాలపు పంటలు, నల్లరేగడిలో యాసంగి జొన్న పండించేవారు. సారం తగ్గిన చేనును కొన్నేళ్లు బీడుగా వదిలి, మళ్లీ దున్నేవారు. ఆ బీడు వారి దృష్టిలో సేద్యంలో భాగం. నిజాం అటవీశాఖ దృష్టిలో అడవి. రిజర్వు అడవుల హద్దులు గీసినప్పుడు పట్టాలు లేని సాగుదారులు భూమిని కోల్పోయారు. రికార్డుల మర్మం తెలిసిన మైదానవాసులు మిగిలిన మంచి నేలలకు పట్టాలు పొందారు.

1940లో జోడేఘాట్ వద్ద కుమ్రం భీం అమరుడైన తరువాత, అశాంతికి కారణాలను పరిశీలించే బాధ్యతను ప్రభుత్వం మానవశాస్త్రవేత్త హైమన్‌డార్ఫ్‌కు అప్పగించింది. ఆయన మార్లవాయిలోనే నివసించి గోండుల జీవితాన్ని అధ్యయనం చేశారు. గిరిజనులకు పట్టాల పంపిణీ, 1943లో మార్లవాయిలో గోండు ఉపాధ్యాయుల శిక్షణకేంద్రం ఆ కృషి ఫలితాలే. ఈ రెండింటినీ విడదీసి చూడలేము. పట్టాను చదవగలిగినప్పుడే దానిని నిలుపుకోవడం సాధ్యం.

కనుక ఇటువంటి పల్లెల పేదరికాన్ని నేలసారంతో, వర్షపాతంతో మాత్రమే అంచనా వేయడం చాలదు. రైతు బీడు అన్న భూమిని రికార్డు ఏమని నమోదు చేసిందో కూడా పరిశీలించాలి.