ఇంటి ఫోన్‌లో ముందు సున్నా

పటాన్‌చెరులో ఒక ఇల్లు. ఇంటాయన ఫ్యాక్టరీకి నైట్ డ్యూటీకి పోయాడు. అర్ధరాత్రి ముసలి మామకు ఛాతీలో నొప్పి వచ్చింది. కోడలు ఇంటి ఫోన్ ఎత్తింది. భర్త సెల్ నంబరు నొక్కింది. ఫోన్ కలవలేదు. మళ్లీ నొక్కింది. మళ్లీ కలవలేదు.

“నంబరు సరిగ్గనే కొట్టిన గద అత్తమ్మా!” అని కంగారు పడింది.

ఇలాంటి కష్టం ఏ ఇంట్లోనైనా రావచ్చు. ఆమె కొట్టిన నంబరు సరైనదే. 10 అంకెలూ ఉన్నాయి. ముందు సున్నా లేదు. అంతే!

సున్నా ఎందుకు?

2021 జనవరి 15 నుంచి దేశమంతటా ఈ పద్ధతి వచ్చింది. ఇంటి ఫోన్ నుంచి సెల్‌ఫోన్‌కు చేస్తే ముందు 0 నొక్కాలి. తర్వాత 10 అంకెలు నొక్కాలి. సెల్ నుంచి సెల్‌కు చేస్తే సున్నా అక్కరలేదు.

దేశంలో సెల్‌ఫోన్లు బాగా పెరిగాయి. కొత్త నంబర్లకు చోటు కావాలి. ఈ సున్నా వల్ల 250 కోట్లకు పైగా కొత్త నంబర్లకు చోటు దొరుకుతుందని టెలికాం శాఖ చెప్పింది.

వేరే ఊరి ల్యాండ్‌లైన్‌కు చేయాలా? ముందు ఆ ఊరి ఎస్టీడీ కోడ్ నొక్కాలి. సంగారెడ్డి కోడ్ 08455. దాని తర్వాత 6 అంకెలు. హైదరాబాద్ కోడ్ 040. దాని తర్వాత 8 అంకెలు. వేళ్ల మీద లెక్కపెట్టండి. రెండూ 11 అంకెలే. సున్నాతో కలిపి సెల్ నంబరు కూడా 11 అంకెలే. గుర్తు పెట్టుకోవడం సులభం.

కరెంటు పోతే ఫోన్ ఎందుకు పోతుంది?

పాత ఇంటి ఫోన్‌కు రాగి తీగ ఉండేది. ఫోన్‌కు కావలసిన కరెంటు ఎక్స్‌ఛేంజి నుంచి ఆ తీగలోనే వచ్చేది. అక్కడ పెద్ద బ్యాటరీలు ఉండేవి. అందుకే ఇంట్లో కరెంటు పోయినా ఫోన్ మోగేది.

ఇప్పుడు చాలా ఇళ్లకు ఫైబర్ తీగ వస్తోంది. అది వెంట్రుకంత సన్నని గాజు పోగు. దానిలో వెలుతురు పరుగెడుతుంది. ఆ తీగ ఇంట్లో ఒక డబ్బాలో కలుస్తుంది. దాన్నే మోడెం అంటారు. ఇంటర్నెట్, ఫోన్ రెండూ దాని నుంచే వస్తాయి. మన మాటను వెలుతురుగా మార్చి పంపేది అదే. గాజు పోగులో కరెంటు రాదు. డబ్బాకు ఇంటి కరెంటే కావాలి. కరెంటు పోతే డబ్బా ఆగుతుంది. ఫోన్ కూడా ఆగుతుంది. కాబట్టి మోడెంకు చిన్న బ్యాటరీ పెట్టుకోండి. లేదా ఒక సెల్‌ఫోన్ ఎప్పుడూ చార్జింగ్ చేసి ఉంచుకోండి.

ఆపదలో ఏం చేయాలి?

మనది ఫ్యాక్టరీల ప్రాంతం. 2025 జూన్ 30న పాశమైలారంలో ఒక ఫ్యాక్టరీలో పేలుడు జరిగింది. 40 మందికి పైగా చనిపోయారు. ఆపదలో ప్రతి నిమిషమూ విలువైనదే. ఈ నంబర్లు నేర్చుకోండి.

108 – అంబులెన్స్
101 – అగ్నిమాపక దళం
112 – పోలీసు, అంబులెన్స్, ఫైర్, ఏ సాయమైనా

వీటి ముందు సున్నా వద్దు. కోడ్ వద్దు. డబ్బులు పడవు. ఫోన్ కలవగానే ఊరు, మండలం, వీధి, దగ్గరి గుడి లేదా బడి పేరు చెప్పండి. అవతలివాళ్లు పెట్టమనే దాకా ఫోన్ పెట్టకండి.

ఆ రాత్రి కోడలు మొదట నొక్కవలసింది భర్త నంబరు కాదు. 108. ఆ తర్వాత సున్నా పెట్టి భర్త నంబరు.

ఈ రోజే ఒక కాగితం తీసుకోండి. ఈ నంబర్లు మీ చేతితో పెద్దగా రాయండి. మీవాళ్ల సెల్ నంబర్లు కూడా ముందు సున్నాతో రాయండి. ఫోన్ పక్కన గోడకు అంటించండి. మీరు నేర్చిన అక్షరం ఆపదలో అక్కరకు వస్తుంది.

చదివి చెప్పండి

1. ఇంటి ఫోన్ నుంచి సెల్‌కు చేస్తే ఎన్ని అంకెలు నొక్కాలి?
2. కరెంటు పోతే ఫైబర్ ఫోన్ ఎందుకు ఆగుతుంది?
3. 108 ముందు సున్నా పెట్టాలా?