66 అని వెలిగింది.. లోపల ఉన్నది 33!

ఫోన్‌లో స్పీడ్ టెస్ట్ నొక్కితే వచ్చే అంకె, కొలిచి చెప్పే అంకె. మరి 1990ల నాటి కంప్యూటర్ క్యాబినెట్ ముందు ఎర్రగానో పచ్చగానో వెలిగే అంకె సంగతేంటి? అది దేన్నీ కొలవదు! 33, 66, 99.. మనం ఏది సెట్ చేస్తే అదే చూపిస్తుంది. వరంగల్ కాశిబుగ్గలో మా మామ డీటీపీ షాపు అటక మీద నుంచి దింపిన పాత 486 కంప్యూటర్‌ని విప్పితే ఈ సంగతి కళ్లారా కనిపించింది.

పెళ్లి పత్రికలు, స్కూళ్ల ప్రశ్నపత్రాలు.. మామ అన్నీ ఆ మెషీన్ మీదే చేశాడు. దాని ముందు 66 అని వెలుగుతుంది. సెకండ్‌హ్యాండ్‌లో అమ్మినాయన ఆ అంకె చూపించే ఎక్కువ ధర తీసుకున్నాడట. మూత తీసి ప్రాసెసర్ మీద దుమ్ము తుడిస్తే.. ఇంటెల్ 486 ఎస్ఎక్స్-33! అంటే 33 మెగాహెర్ట్జ్. ఆన్ చేయగానే వచ్చే మొదటి స్క్రీన్ కూడా 33 అనే చెప్పింది.

"ఇన్నేండ్లు అరవై ఆరే అనుకున్న" అన్నాడు మామ. కాసేపు ఏం మాట్లాడలేదు. అలాగే ఉంచెయ్యనా అని అడిగా. "వద్దురా, ముప్పైమూడే పెట్టు. పని జేసింది ముప్పైమూడే గదా" అన్నాడు.

అసలు ఆ అంకె ఎందుకు?

1981లో వచ్చిన ఐబీఎం పీసీలో ఇంటెల్ 8088 ప్రాసెసర్ ఉండేది. దాని వేగం 4.77 మెగాహెర్ట్జ్. అప్పటి గేముల్లో కొన్ని ఆ వేగాన్ని నమ్ముకునే రాసినవి. తర్వాత 8 మెగాహెర్ట్జ్, ఆపైన వేగంగా నడిచే కంప్యూటర్లు వచ్చేసరికి ఆ గేములు ఆడలేనంత స్పీడుగా పరిగెత్తాయి. అందుకే 'టర్బో' బటన్ పెట్టారు. పేరు టర్బో అయినా అసలు ఉపయోగం కంప్యూటర్‌ని నెమ్మది చేయడమే. ఇప్పుడు వేగంలో ఉందా, నెమ్మదిలో ఉందా తెలియాలి కదా.. దానికే ఈ డిస్‌ప్లే. చూడ్డానికి గొప్పగా ఉండటంతో అమ్మకాలకూ పనికొచ్చింది.

జంపర్ల లెక్క

డిజిటల్ గడియారంలో లాగే ఇందులోనూ ఒక్కో అంకెకు ఏడు గీతలు. డిస్‌ప్లే వెనక చిన్న బోర్డు, దాని మీద వరసగా పిన్నులు ఉంటాయి. రెండు పిన్నులను కలిపే చిన్న టోపీ లాంటి ముక్కే జంపర్. దాన్ని ఎక్కడ పెట్టామన్న దాన్ని బట్టి ఒక్కో గీతకు నాలుగు దారులు: ఎప్పుడూ వెలగడం, టర్బోలోనే వెలగడం, నెమ్మదిలోనే వెలగడం, అసలు వెలగకపోవడం. మదర్‌బోర్డు నుంచి దీనికి అందే కబురు ఒక్కటే.. టర్బో ఉందా, లేదా?

6ని 3 చేయాలంటే ఎడమవైపు రెండు నిలువు గీతలు ఆపాలి, కుడివైపు పై నిలువు గీత వెలిగించాలి. రెండు అంకెలకు కలిపి ఆరు గీతలు మార్చా. టర్బో తీసేస్తే ఇంగ్లిష్‌లో 'ఎల్', 'ఓ' అక్షరాలు.. అంటే 'లో' అని కనిపించేలా పెట్టా. ఇక్కడే కాస్త బుర్ర పెట్టాలి. ఉదాహరణకు ఎడమ అంకెలో 3కీ 'ఎల్'కీ రెండింటికీ కావాల్సింది కింది అడ్డగీత ఒక్కటే. అదొక్కటే ఎప్పుడూ వెలగాలి. మిగతావన్నీ ఏదో ఒక పక్కకే. ముందు కాగితం మీద గీసుకుంటే పని సులువు.

బోర్డు బోర్డుకూ పిన్నుల వరస మారుతుంది. మాన్యువల్ లేకపోతే ఒక్కో జంపర్ మార్చి, ఏ గీత వెలిగిందో రాసుకుంటూ పోవడమే. జంపర్లు తక్కువైతే పాడైన పాత హార్డ్‌డిస్కుల వెనక దొరుకుతాయి.

వైర్లు ముట్టుకునే ముందు

డిస్‌ప్లేకి కావాల్సింది 5 వోల్టులు. పవర్ సప్లై నుంచి వచ్చే నాలుగు వైర్ల కనెక్టర్‌లో ఎర్రది 5 వోల్టులు, నల్లవి గ్రౌండ్, పసుపుది 12 వోల్టులు. పసుపు వైరు ఇస్తే డిస్‌ప్లే కాలిపోవచ్చు. రంగును నమ్మకుండా మల్టీమీటర్‌తో కొలిచాకే కలపండి.

ఇంకా ముఖ్యమైనది: ఆ కాలపు చాలా క్యాబినెట్లలో ముందున్న పవర్ స్విచ్ దాకా నేరుగా 230 వోల్టుల కరెంటు వస్తుంది. డిస్‌ప్లే పక్కనే ఆ వైర్లు ఉంటాయి. స్విచ్ ఆపితే చాలదు, గోడ ప్లగ్ పీకాకే చెయ్యి పెట్టాలి. జంపర్ మార్చిన ప్రతిసారీ ఇదే పద్ధతి.

కొనేవాళ్లకు ఒక మాట

పాత గేముల కోసం ఇలాంటి కంప్యూటర్లు వెతికే కుర్రాళ్లు ఇప్పుడూ ఉన్నారు. ఎవరైనా ముందు వెలిగే అంకె ఫొటో పెట్టి ధర చెబితే, ప్రాసెసర్ మీది అక్షరాల ఫొటో, ఆన్ చేయగానే వచ్చే స్క్రీన్ ఫొటో కూడా అడగండి. ఆ రెండూ చూశాకే డబ్బులు ఇవ్వండి.